అరంగుళం లూజు

బుడమేరు దిగిపోయాక
సింగ్‌నగర్‌లో ఒక రేకుల షెడ్డు కింద
బురద తాగి కూలబడ్డ స్టాండర్డ్ హెరాల్డు.
"తూకానికి ఇచ్చేస్తున్నానమ్మా" అన్నాడు మందులషాపు సీతాపతి,
వాళ్లావిడ జాకెట్లకని వచ్చి.
తూకం ఎంతో అంతే ఇచ్చాను, ఇరవై రెండు వేలు.
మిషను కింద బిస్కెట్ల డబ్బాలో ఉన్నవి అవే.

వీధి నవ్వింది.
చీర ఎంత చీకిపోయినా అంచు బాగుంటే
పారేయమని నేనెవరికీ చెప్పలేదు ఇన్నేళ్లలో.

నాకు లెక్క జాకెట్లలోనే వస్తుంది.
కార్బొరేటర్ కిట్టు, తొమ్మిది లైనింగు జాకెట్లు.
బ్యాటరీ, ఒక పెళ్లికూతురి మగ్గం పని.
టైర్లు నాలుగూ శ్రావణమాసం మొత్తం మింగాయి.
స్టెప్నీ దగ్గరికొచ్చేసరికి
మూఢం వచ్చి పడింది.

ఆటోనగర్ నుంచి కరీముల్లా ఆదివారాలు వచ్చేవాడు.
డబ్బుల మాటెత్తితే
"ముగ్గురాడపిల్లలక్కా, రంజానుకి ఫ్రాకులు చూడు" అనేవాడు.
హెరాల్డు బానెట్టు బుగ్గలతో సహా ముందుకి వాలిపోతుంది,
కొలతలకి చేతులెత్తి నిలబడ్డ మనిషిలా,
ఏ దాపరికమూ లేకుండా.
ముందు టైరు మీద కూర్చునే ఇంజను విప్పొచ్చు.
చెంగు బొడ్లో దోపి కూర్చున్నాను.

తలుపు అట్టలు ఊడదీస్తే
లోపల బుడమేరు ఇంకా ఉంది.
రేకుకీ రేకుకీ మధ్య ఎండిన ఒండ్రు,
అందులో వేలెడు నత్తగుల్ల.
చెంచాతో తవ్వి బకెట్టుకెత్తి
గుమ్మం పక్కన గోంగూర మడిలో పోశాను.

తుప్పు తిన్నంత మేరా కత్తిరించి
కరీముల్లా వెల్డింగు పెడుతుంటే
నల్లద్దం అడ్డం పెట్టుకుని చూస్తూ అన్నాను:
"కుట్టు దగ్గరగా పడాలి. లాగితే పిగిలిపోకూడదు."
"రేకుకి కుట్టేంటక్కా!"
అన్నాడు గానీ
తర్వాతి అతుకు దగ్గరగానే వేశాడు.

డైనమో తీసేసి మారుతి వ్యాను ఆల్టర్నేటరు పెడదామన్నాడు.
దాన్ని పట్టుకునే బ్రాకెట్టు ఎక్కడా దొరకదు, చేయించాలి.
కొలత నేను తీశాను, మెడలో టేపుతో.
బోల్టు కన్నం దగ్గర
చెయ్యి అలవాటుకొద్దీ అరంగుళం లూజు రాసింది.
లేతు సుభానీ విసిరికొట్టాడు దాన్ని:
"ఇనుముకి లూజేంటమ్మా? ఇనుము లావెక్కుతుందా?"
రెండు జాకెట్లు వృథా.
సరిగ్గా అతికినట్టుండే ఇంకోటి చేసిచ్చాడు.

దాన్ని బిగించి బెల్టు వేస్తే
బెల్టు ఉయ్యాలలా ఊగుతోంది.
బిగుతు చేద్దామంటే
ఆల్టర్నేటరు అటూ ఇటూ జరగడానికి చోటు లేదు.
కరీముల్లా బీడీ వెలిగించుకుని చాలాసేపు చూశాడు.
నేను లోపలికెళ్లి
బాబిన్ల సొరుగులోంచి మొదటి బ్రాకెట్టు తెచ్చిచ్చాను.
ఏమీ అనలేదు.
అతనూ ఏమీ అనలేదు.
సుభానీకి మాత్రం ఫోన్లో ఏదో చెప్పి నవ్వాడు.

సీట్లకి వన్‌టౌన్‌లో మామిడాకు రంగు రెక్సిను.
ఇరవై ఒకటో నంబరు సూదులు ఆరు విరిగాయి,
ఏడోది నా బొటనవేలు చూసొచ్చింది.
వెనక కుడివైపు లైటు ఆటోది. తేడా తెలుస్తుంది.
తెలియనీ.

ఫిట్‌నెస్‌కి తీసుకెళ్తే
"ఓనరేడమ్మా?" అని నా వెనక్కి చూశాడు ఆఫీసరు.
నా వెనక గోడ ఉంది.
కరీముల్లా టీకి వెళ్లాడు.
తాళంచెవి తీసి బల్ల మీద పెట్టాను,
దానికి చిరిగిన టేపు ముక్క కట్టి ఉంటుంది,
పదిహేడు నుంచి ఇరవై దాకా.

తెల్లారకముందే తీశాను ఆ మొదటి రోజు.
ఏలూరు రోడ్డు ఖాళీ, గుణదల కొండ మీద ఇంకా దీపాలు.
మూడో గేరు గొణుగుతోంది, పోతోంది.
రామవరప్పాడు రింగు దగ్గర హారను మూగబోయింది.
అద్దం దించి
"కాస్త జరగండి బాబూ!" అని నేనే అరిచాను.
పాలవాడు జరిగాడు, కారు వంక చూస్తూ.

డ్రైవరు సీటు పక్క కుట్టు
నాలుగు పోగులు విడుతోంది అప్పుడే.
ఇంటికెళ్లి చూసుకోవాలి.